ప్రార్థనకు కదిలే బండి

ఖానాపూర్,
ఆగస్టు 11

మామకు,

స్టీఫెన్ వందనాలు. ఫోన్ చేస్తే అత్త ఎత్తుతుంది. నేను చెప్పింది ఆమె నీ చెవిలో అరవాలి, నువ్వు అడిగింది మళ్లీ నాకు చెప్పాలి, ఈ మధ్యలో మీ ఇద్దరికీ కోపాలొస్తున్నాయి. సెల్లులో రాసి పంపితే చీమలు పాకినట్టుంటుందని నువ్వే అన్నావు. అందుకే కాగితం మీద పెద్దక్షరాలతో రాస్తున్నాను.

సంగతి మన పికప్పు బండిది. నువ్వు దగ్గరుండి కొనిపించిన బండే. పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. గంటసేపు ఏ రోగమూ లేనట్టు పోతుంది. ఆ తర్వాత గుంజుడు తగ్గుతుంది, రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. ఇక సెల్ఫు ఎంత కొట్టినా లేవదు. కాసేపు ఆగి కొడితే లేచి, మళ్లీ గంటసేపు గుర్రంలా ఉరుకుతుంది. వానలు మొదలైనప్పటి నుంచి ఇదే వరస.

కాసేపు ఆగితే లేస్తుందని నేనంటున్నాను గానీ మా అవ్వ, అదే మీ అక్క, ఒప్పుకోదు. మొదటిసారి ఆగింది మెట్‌పల్లి దారిలో. అవ్వ పక్కనే ఉంది. దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. బండి లేచింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. పోయిన ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పింది. స్త్రీల సమాజానికి పెద్ద కదా, అందరూ హల్లెలూయ అన్నారు. ఒక్కణ్ణే కిరాయికి పోయినప్పుడు నేను కూడా ప్రార్థన చేస్తున్నాను. అబద్ధమెందుకు, లేస్తోంది. కానీ కిరాయికి పిలిచేవాళ్లు తగ్గిపోతున్నారు. నువ్వు ఏదైనా ఉపాయం చెప్పు.

మమత బాగుంది. పెళ్లయి ఏడాది దాటినా మామ ఇంకా మన ఇంటికి రాలేదేమని అడుగుతోంది. ఆదివారం మాతో చర్చికి వచ్చి వెనక వరుసలో కూచుంటుంది. బాప్తిస్మం సంగతి అవ్వ అడగదు, ఆమె చెప్పదు. వాళ్ల బాపు అంజన్న వేములవాడలో మరమగ్గాలు నడుపుకుంటున్నాడు. మొదట్లో మా పెళ్లంటే మండిపడ్డాడు గానీ ఇప్పుడు పండక్కి పిలుస్తున్నాడు.

నీ అల్లుడు,
స్టీఫెన్


కరీంనగర్,
ఆగస్టు 20

అల్లుడు స్టీఫెనుకు,

నా చెవులు పోయినయ్ గని కండ్లు మంచిగనే ఉన్నయ్. గంత పెద్దక్షరాలు అక్కర్లేదు. ఒక్క కాగితంల పట్టే సంగతికి నాలుగు కాగితాలు ఖరాబు చేసినవ్.

నడిచి నడిచి ఆగుడు, ఆగి మళ్ల లేసుడు అంటే ఇంజన్ రోగం గాదు. డీజిల్ అందుతలేదు. ఫిల్టర్ల చెత్త పడి ఉంటది. నడుస్తుంటే అడ్డం వస్తది, ఆగితే కిందికి దిగుతది. ఫిల్టర్ మార్చు. ట్యాంకు కింది నట్టు ఇప్పి నీళ్లున్నయేమో చూడు. నాకు వచ్చి చూడాలనే ఉంది గని, మోకాలు ఆపరేషన్ అయినంక బస్సు మెట్టు ఎక్కస్తలేదు.

మా అక్కకు నేను ప్రార్థన వద్దన. మెకానిక్ షెడ్డుల ఇన్నేండ్లు పానా పట్టుకునే ముందట నేను గూడ కండ్లు మూసుకున్నోన్నే. గని కండ్లు తెరిచినంక పానా తిప్పిన. గీ ముక్క ఆమెకు చదివి వినిపియ్యకు, నా మీదికి లేస్తది.

మమతను అడిగిన్నని చెప్పు. నడక మంచిగైనంక ఆమె చేతి అన్నం తినేతందుకే వస్త.

అబ్రహాం


ఖానాపూర్,
అక్టోబర్ 2

మామకు,

ఫిల్టర్ మార్చాను. ట్యాంకులో చెంచాడు నీళ్లు కూడా లేవు. బండి మాత్రం మారలేదు. ఇక్కడ బస్టాండు వెనక ఓంప్రకాశ్ అని ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన మెకానిక్కు ఉన్నాడు. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడతాడు, మనిషి మంచివాడు. అతను రెండు వీధులు తిప్పి చూస్తే అసలు ఆగనే ఆగలేదు. నేను మొత్తుకుంటే ఇంజనుకు డీజిల్ అందించే పంపు మార్చాడు. పంపు మార్చిన మర్నాడే కడెం దారిలో మళ్లీ ఆగింది. ఇక ఇంజన్ విప్పాల్సిందేనంటున్నాడు.

మన బండి పేరు చుట్టుపక్కల ఊళ్లలో కూడా పాకింది. అవ్వ చెయ్యి పెడితే బండి లేస్తుందని, స్త్రీల సమాజంలో ఉండే కోమలక్క వాళ్ల బావి మోటరు కాలిపోతే అవ్వను తీసుకుపోయి చెయ్యి పెట్టించింది. మోటరు లేవలేదు. తమ ఇంటాయన తాగుడు వల్లే లేవలేదని కోమలక్క తేల్చేసింది. పాపం ఆయన ఆ రోజంతా ఇంట్లోకి రాలేదు. మేం ఇంటికొచ్చి నవ్వుకున్నాం. మమత అయితే నవ్వలేక నవ్వలేక నీళ్ల కుండ దగ్గర కూలబడింది. అవ్వకు మాత్రం ఆ నవ్వు నచ్చినట్టు లేదు.

ఇంజన్ విప్పమంటావా?

స్టీఫెన్


కరీంనగర్,
అక్టోబర్ 10

స్టీఫెనుకు,

ఇంజన్ మీద ఎవని చెయ్యి పడనియ్యకు. విప్పుడు సులువే, మళ్ల బిగిచ్చుడు ఎవనికీ చాతగాదు. నన్ను అడగకుంట పంపు ఎందుకు మార్పిచ్చినవ్? పాతది పారేసినవా, ఉంచినవా? ఉంచు.

రోగం డీజిల్ దారిలనే ఉన్నది. నాకు అందుతలేదు. దగ్గర లేకుంట చెప్పుడు కష్టంగున్నది, గది ఒప్పుకుంటున్న.

కోమలమ్మ ఇంటాయన తాగుడుకు, మోటరు కాలుడుకు పొత్తు ఎట్ల కలిపింది? మీరు నవ్వుకున్నరు గని నాకు నవ్వు రాలే. గసొంటి లెక్క ఒకసారి మొదలైతే ఎవరింటి ముంగట పోయి ఆగుతదో చెప్పరాదు. జర చూసుకో.

అబ్రహాం


ఖానాపూర్,
నవంబర్ 21

మామకు,

బండి అమ్మేద్దామనుకుంటున్నాను. నిర్మల్‌లో ఒకాయన అడుగుతున్నాడు. నువ్వు కొనిపించిన బండి కాబట్టి నీకో మాట చెబుతున్నాను. కోత పండుగ జరిగింది. అవ్వ బాగుంది. మమత కొన్నాళ్లు ఉండి వస్తానని వేములవాడ పోయింది.

ఇక్కడ చలి మొదలైంది.

స్టీఫెన్


కరీంనగర్,
నవంబర్ 27

ఏందిర స్టీఫెనూ,

నీ ఉత్తరం నీ బండి తీరుగనే నడిమిట్ల ఆగిపోయింది. చలి మొదలైందట. చలి సంగతి నాకు రాస్తున్నవా?

కోత పండుగ జరిగిందని ఒక్క ముక్క రాసినవ్. బండ్ల పోయిన్రా? ఆగిందా? మమత ఒక్కతే ఎందుకు పోయింది, నువ్వెందుకు దించి రాలే? మీ అవ్వ బాగుందంటివి. ఆమె గురించి నువ్వెప్పుడు గంత కురచగ రాయలే. మీ అత్త గూడ గీ ఉత్తరం చదివి, పిల్ల అలిగిందో, మనం అలిగించినమో అన్నది.

బండి అమ్మకు. నాకు పూరాగ రాయి. గిది చాలు, గిది వద్దు అని నువ్వు లెక్క పెట్టకు. ఇంకోటి. బండి ఆగిన కాన్నుంచి లేసేదాక ఎవరెవరు ఏమేం చేస్తరో, ఉమ్మేసినా సరే, ఇడ్సిపెట్టకుంట రాయి. నేను మొదాలే అడగవలసింది.

అబ్రహాం


ఖానాపూర్,
డిసెంబర్ 1

మామకు,

దాచినందుకు కోపం పెట్టుకోకు. రాయడానికి చెయ్యి రాలేదు.

కోత పండుగకు అన్ని ఊళ్ల సంఘాలూ నిర్మల్‌లో కూడాలన్నారు. మన బండిలోనే పోదామన్నారు. వెనకంతా జనం, వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. మమత ఎప్పుడూ ఈ బండిలో అందరితో కలిసి పోయింది లేదు. ఆ రోజు తనే వస్తానంది. ముందు సీట్లో అవ్వకూ నాకూ మధ్య కూచుంది. అవ్వకు కూడా సంతోషమైంది, నాకు కనబడింది.

ఊరు దాటి ఎత్తు దారి మొదలవ్వగానే బండి ఆగిపోయింది. ఎప్పుడూ అంత తొందరగా ఆగలేదు. వాన మొదలైంది. అవ్వ దిగి చెయ్యి పెట్టింది. అందరూ దిగి పాటలు పాడారు, పెద్దగా ప్రార్థన చేశారు. లేవలేదు. మళ్లీ చేశారు. మూటలు తడిసిపోతున్నాయి. అప్పుడు కోమలక్క అంది: "ఇన్నిసార్లు ఇన్న దేవుడు ఇయ్యాల ఎందుకు ఇంటలేడు? బండ్ల ఎవరు కూసున్నరో జర చూసుకోవాలె."

అందరూ మమతను చూశారు. నేను అవ్వను చూశాను. అవ్వ ఒక్క మాట అంటే అయిపోయేది మామా. అవ్వ బానెట్ మీది చెయ్యి తియ్యలేదు, తల ఎత్తలేదు.

మమత కొంగు కప్పుకుని వానలో నడుచుకుంటూ ముందుకు పోయింది. మలుపు దగ్గర కనబడకుండా పోయింది. చాలాసేపటికి నేను ఊరికే సెల్ఫు కొట్టాను. బండి లేచింది.

చూసిండ్రా అని ఎవరో అన్నారు. అది కోమలక్క కాదు, ఎవరో నాకు తెలియదు. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను? ఒక్క క్షణం నాకూ అనిపించింది, ఈమె దిగితేనే లేచిందా అని.

మలుపు దాటాక ఆమె పక్కన బండి ఆపి ఎక్కమన్నాను. "నేనెక్కితే ఆగుతది. మీరు పోండ్రి" అంది. వెనక జనం, తడిసిన మూటలు. నేను పోయాను. ఆమె ఎదురొచ్చిన బస్సెక్కి ఇంటికెళ్లి, బట్టలు సర్దుకుని వేములవాడ వెళ్లిపోయింది. ఫోన్ ఎత్తడం లేదు. ఒక్కసారి అంజన్న ఎత్తి, "నా బిడ్డ ఏం పాపం చేసిందో చెప్పుర" అన్నాడు.

నువ్వడిగింది కూడా రాస్తున్నాను. బండి ఆగుతుంది. అవ్వ దిగి, కొంగు కప్పుకుని బానెట్ మీద చెయ్యి పెడుతుంది. నేను దిగి, ట్యాంకు మూత తీసి వేపపుల్ల ముంచి డీజిల్ చూస్తాను. డీజిల్ చూపించే ముల్లు మనం కొన్ననాటి నుంచి పనిచెయ్యదు కదా, బండి ఆగితే ముందు ఆ భయమే. పుల్ల తుడిచి, మూత బిగించి, అవ్వ పక్కన నిలబడతాను. ఆమేన్ అన్నాక సెల్ఫు కొడతాను. ఒంటరిగా పోయినా ఇదే వరస. కోత పండుగ రోజు కూడా అన్నీ ఇలాగే చేశాం. పొద్దునే బంకులో నిండుగా పోయించాను కాబట్టి పుల్ల మాత్రం పెట్టలేదు, అంతే.

స్టీఫెన్


కరీంనగర్,
డిసెంబర్ 6

స్టీఫెనుకు,

నీ ఉత్తరం చదివి కుర్చీల నుంచి లేసిన. మోకాలు సంగతి యాదికే రాలే. ఏమైందని మీ అత్త ఉరికొచ్చింది.

ఇన్నొద్దులు బండిని లేపింది నీ వేపపుల్ల.

నూనె డబ్బకు ఒక్కదిక్కే చిల్లు పెడితే నూనె ఇంత పడి ఆగిపోతది. ఇంకోదిక్కు చిల్లు పెట్టి గాలి పోనిస్తే ధార కడుతది. ఇది మీ అవ్వకు గూడ ఎరుకే. డీజిల్ ట్యాంకు గంతే. ఇంజన్ డీజిల్ గుంజినకొద్ది గా జాగలకు గాలి రావాలె. అందుకే మూతకు సూది పట్టేంత చిల్లు ఉంటది. గది మూసుకపోయింది. గాలి లేక డీజిల్ రాదు, బండి ఆగుతది. నువ్వు పుల్ల పెట్టెతందుకు మూత తీస్తవు, గాలి పోతది, బండి లేస్తది. గా దినం ట్యాంకు నిండుగున్నది, లోపట గాలికి జాగనే లేదు, అందుకే జల్ది ఆగింది. నువ్వు మూత తియ్యలే, అందుకే లేవలే. చాలాసేపు ఆగి ఉన్నందుకు మూత సందుల నుంచి ఇంత గాలి మెల్లగ దూరి, అప్పుడు లేసింది. ఆ పిల్ల బండ్లనే కూసున్నా గప్పటికి లేస్తుండె.

గీ మాట మళ్లొక్కసారి చదువు. మీ అవ్వకు చదివి వినిపియ్యి. కోమలమ్మకు గూడ వినిపియ్యి.

ఇగ నేను చెప్పింది ఇను. మూత ముట్టకు. ముందుగాల బస్సెక్కి వేములవాడ పో. బండి బాగైనంక పోతే ఆ పిల్లను బండి చెప్తే నమ్మినట్టైతది, నీ అంతట నువ్వు నమ్మినట్టు గాదు. మూత యాడికి పోదు.

అబ్రహాం


ఖానాపూర్,
డిసెంబర్ 17

మామకు,

నీ ఉత్తరం పోస్టాయన వాకిట్లోనే ఇచ్చాడు. నిలబడే చదివాను. మూత ముట్టకు అని నువ్వు రాసిన చోటికి వచ్చేసరికి మూత నా చేతిలో ఉంది. నన్ను తిట్టు.

చిల్లు కనబడలేదు. గోటితో గీకితే తెల్లగా వచ్చింది. మైనం. అవ్వ అక్కడే గిన్నెలు తోముతోంది. చూపించాను. "వాన నీళ్లు డీజిల్ల పడుతయని నేనే మూసిన. పోయిన క్రిస్మస్‌కు ముట్టించిన కొవ్వొత్తి ముక్క ఉంటే" అంది. నీ ఉత్తరం మొదటి నుంచి చదివి వినిపించాను. మమత బండిలోనే కూచున్నా లేచేదన్న మాట దగ్గర ఆపమంది. మళ్లీ చదవమంది. తర్వాత బూడిద చేతులతోనే చాలాసేపు కూచుంది.

సూదితో మైనం తీసేసి మెట్‌పల్లి దాకా పోయి తిరిగొచ్చాం. ఎక్కడా ఒక్క దగ్గు లేదు. నాకు సంతోషంతో అరవాలనిపించింది.

మర్నాడు ఆదివారం. పాస్టరయ్య సాక్ష్యాలకు పిలవగానే అవ్వే మొదట లేచింది. బండి ఆగింది తన కొవ్వొత్తి వల్లనని, లేచింది కొడుకు పుల్ల వల్లనని, తెలియక దేవుని పేరు మీద పెద్ద మాటలు చెప్పానని అంది. కోడలి మీద నింద పడినప్పుడు, అందరి ముందూ తన పేరు పోతుందని నోరు తెరవలేదని కూడా చెప్పింది. పాస్టరయ్య అవ్వ కోసం ప్రార్థన చేశాడు. బయటికొచ్చాక కోమలక్క కళ్లు తుడుచుకుని, తననూ వేములవాడ తీసుకుపొమ్మంది. ముందు ఇంట్లో నీ మొగుడికి చెప్పుకోవాల్సింది చెప్పుకో అంది అవ్వ. కోమలక్క వాళ్ల మోటరుకు కూడా ఎక్కడైనా చిల్లు మూసుకుందేమో చూడమని నన్నడిగింది.

అప్పటికప్పుడు బయలుదేరాం. అంజన్న ఇంట్లో మగ్గాల చప్పుడుకు పక్కవాళ్ల మాట కూడా వినబడదు. అవ్వను చూసి అతను ఒక్కొక్క మగ్గమే ఆపుకుంటూ వచ్చాడు. కూచోమనలేదు. మమత లోపలి గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయింది మామా.

అవ్వ నిలబడే అంతా చెప్పింది. కొవ్వొత్తి సంగతి, చర్చిలో చెప్పిన సంగతి. తప్పు నాది, ఇంటికి రా బిడ్డా అంది. మమత అంతా విని మెల్లగా అడిగింది.

"బండి బాగైంది గనుక వచ్చిన్రు. బాగుగాకపోతే?"

నువ్వు రాసింది అదే కదా. తప్పకుండా వచ్చేవాళ్లమని చెబుదామనుకున్నాను. అవ్వ నాకంటే ముందే మాట్లాడింది.

"రాకపోదును బిడ్డా. నీకు అబద్ధం చెప్ప. గిన్నొద్దులు గట్లనే కూసున్న గదా."

మమత నా వైపు చూసింది. మామ ముందు నీ దగ్గరికి పొమ్మని రాశాడు, నేను ముందు మూత తీశాను అని చెప్పాను. వాళ్ల బాపు ఏదో అనబోయాడు, ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. నా మొహం చూస్తూ చూస్తూ నవ్వేసింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది. అవ్వ పోయి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను మగ్గాల వైపు తిరిగి నిలబడ్డాను. అంజన్న నాకు కుర్చీ వేశాడు.

బట్టలు సర్దుకుని వచ్చాక గుమ్మం దిగేముందు మమత అవ్వతో అంది. "అత్తమ్మా, పాత బండి. మళ్లెప్పుడన్న ఆగుతది. గప్పుడు నన్ను చూడొద్దు. బండిని చూడుండ్రి."

అవ్వ సరేనంది. అంజన్న కూడా విన్నాడు.

మెట్‌పల్లి దాటాక టైరు పంచరైంది. బండి పక్కకు తీశాను. అవ్వ గబగబా దిగి, కళ్లద్దాలు పెట్టుకుని, వంగి టైరునే చూస్తూ నిలబడింది. తల ఇటు తిప్పితే తప్పవుతుందన్నట్టు అలాగే చూస్తోంది. మమత కొంచెంసేపు చూసి, దిగిపోయి ఆమె నడుం చుట్టూ చెయ్యేసి, "చాలు అత్తమ్మా, లెవ్వు. మెడ పట్టుకుంటది" అంది.

ముగ్గురం కలిసి టైరు మార్చుకుని చీకటి పడకముందే ఇంటికి చేరాం.

నీ అల్లుడు,
స్టీఫెన్